ఆఫీసుకు వెళ్లి రావడానికి సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్ కారు: హైదరాబాద్‌లో ఎలా చూసి కొనాలి?

ఇల్లు ఉప్పల్‌లో, ఉద్యోగం రాయదుర్గంలో. రోజూ తిరగడానికి పాత హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజిను, బ్యాటరీతో తిరిగే మోటారు రెండూ ఉన్న కారు తీసుకోవచ్చా? నన్ను అడిగేవారి పేటలు మారుతుంటాయి గానీ ప్రశ్న మాత్రం ఇదే. తీసుకోవచ్చు. మన ఊరి ట్రాఫిక్‌కు ఇంతకంటే అమరిన బండి పెట్రోలు కార్లలో లేదు. అయితే మామూలు పాత కారును చూసినట్టు దీన్ని చూస్తే మోసపోతారు. టైర్లు, పెయింటు, ఇంజిను చప్పుడు చూసి తల ఊపే మెకానిక్‌కు అసలు ఖరీదైన భాగం, అంటే హైబ్రిడ్ బ్యాటరీ, కనిపించదు. అది వెనుక ఎక్కడో మూతపెట్టి ఉంటుంది. ఆ భాగాన్ని ఎలా పరీక్షించాలన్న దాని మీదే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

ముందుగా లెక్క చూసుకోండి

హైబ్రిడ్ అందరికీ కలిసిరాదు. హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు సుమారు 107 రూపాయలు అనుకుందాం. సాధారణ ఆటోమేటిక్ పెట్రోలు కారు రద్దీలో లీటరుకు 12 కిలోమీటర్లు, హైబ్రిడ్ 20 కిలోమీటర్లు ఇస్తాయని వేసుకోండి. మీరు రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే ఏడాదికి 9,000 కిలోమీటర్లు. మొదటి కారుకు 750 లీటర్లు, రెండోదానికి 450 లీటర్లు పడతాయి. మిగిలేది ఏడాదికి 32 వేలు. అదే వయసున్న మామూలు కారు కంటే హైబ్రిడ్‌కు రెండు లక్షలు ఎక్కువ పెడితే, ఆ సొమ్ము తిరిగి రావడానికి ఆరేళ్లు దాటుతుంది. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగేవారికి సుమారు మూడేళ్లలోనే వస్తుంది.

దారి కూడా లెక్కలోకి వస్తుంది. కూకట్‌పల్లి, అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా ఆగుతూ సాగుతూ వెళ్లేవారికి హైబ్రిడ్ బాగా గిట్టుబాటవుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వందకు తగ్గకుండా వెళ్లేవారికి అంత తేడా కనిపించదు. ఆగినప్పుడు ఇంజిను కట్టేసుకోవడం, బ్రేకు వేసినప్పుడు ఆ శక్తిని బ్యాటరీలోకి పట్టుకోవడం, ఈ రెండూ జరిగితేనే పెట్రోలు మిగులుతుంది. ఏకబిగిన పరుగెత్తే కారులో ఈ రెండింటికీ అవకాశం తక్కువ.

కారు చూడడానికి వెళ్లేటప్పుడు వెంట ఉండాల్సినవి

- మంచి టార్చి (ఫోను లైటు చాలదు)
- పాత తుండుగుడ్డ
- ఆర్‌సీ, బీమా పాలసీ ఫొటోలు (అమ్మేవారిని ముందే పంపమనండి)
- అదే మోడలు, అదే వేరియంటు కొత్త కారుకు ఇవాళ్టి ఆన్‌రోడ్ ధర
- రెండు గంటల తీరిక, వీలైతే ఉదయం పూట
- మీతో పాటు ఇంకొకరు. మీరు నడుపుతుంటే డిస్‌ప్లే గమనించడానికి మనిషి కావాలి

కొత్త కారు ధర ఎందుకంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. పెద్ద హైబ్రిడ్ కార్ల మీద సెస్సుతో కలిపి 43 శాతం ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. అమ్మేవారు తాము కొన్న నాటి ధరను పట్టుకుని బేరం మొదలుపెడతారు. మీరు నేటి ధర నుంచి మొదలుపెట్టండి. రెండేళ్ల కారు కొత్తదానికంటే కనీసం 20 శాతం తక్కువకు రాకపోతే కొత్తదే కొనమని నా సలహా.

1. అది నిజమైన హైబ్రిడ్ అవునో కాదో తేల్చుకోండి

అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మన రోడ్ల మీద హైబ్రిడ్ పేరుతో రెండు రకాలు తిరుగుతున్నాయి. మైల్డ్ హైబ్రిడ్‌లో ఉండేది ఇంజినుకు కాస్త చేయూతనిచ్చే చిన్న మోటారు మాత్రమే. అది కారును సొంతంగా నడపలేదు. 2015లో వచ్చిన సియాజ్ ఎస్‌హెచ్‌వీఎస్ మొదలుకొని ఎర్టిగా, ఎక్స్‌ఎల్6 దాకా మారుతి కార్లలో ఉన్నది ఇదే. స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే ఇంజిను ఆగి ఉన్నా మోటారుతోనే కదులుతుంది. నేను పైన వేసిన లెక్క దీనికే వర్తిస్తుంది.

పాత కార్ల బజారులో దొరికే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు తక్కువే. 2022 మేలో వచ్చిన హోండా సిటీ ఈ-హెచ్‌ఈవీ, అదే ఏడాది వచ్చిన టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, వాటి వెనుకే ఇన్నోవా హైక్రాస్, 2023లో ఇన్విక్టో. పాతవాటిలో టయోటా క్యామ్రీ ఉంది. చిక్కేమిటంటే హైరైడర్, గ్రాండ్ విటారాలు రెండు రకాల్లోనూ వచ్చాయి. బయటి నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. ప్రకటనలో "హైబ్రిడ్" అని ఉందని మైల్డ్ కారుకు స్ట్రాంగ్ ధర పెట్టినవారిని చూశాను.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. చేత్తో గేరు మార్చాల్సిన కారయితే అది స్ట్రాంగ్ హైబ్రిడ్ కాదు, అక్కడితో తేలిపోయింది. గ్రాండ్ విటారాలో జీటా ప్లస్, ఆల్ఫా ప్లస్ అని "ప్లస్" ఉన్నవే స్ట్రాంగ్. మూడో పరీక్ష మన ఎండలకు సరిపోయేది. ఏసీ వేసి కారును నిలబెట్టండి. ఇంజిను ఆగిపోయాక కూడా చల్లగాలి అలాగే వస్తుంటే అది స్ట్రాంగ్ హైబ్రిడ్, ఎందుకంటే దాని ఏసీ కంప్రెసరు కరెంటుతో తిరుగుతుంది. మైల్డ్ కారులో ఇంజిను ఆగిన కాసేపటికే గాలి వేడెక్కుతుంది. ఆర్‌సీలో ఇంధనం గడిని మాత్రం నమ్ముకోవద్దు. మైల్డ్ కార్లకూ అక్కడ హైబ్రిడ్ అని రాసి ఉండవచ్చు.

ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలని చాలామంది అడుగుతారు. వీటికి ప్లగ్గే ఉండదు. తమ బ్యాటరీని తామే నింపుకుంటాయి.

2. వయసు, వారంటీ చూడండి

హైరైడర్, గ్రాండ్ విటారా, సిటీ ఈ-హెచ్‌ఈవీల హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. రెండింట్లో ఏది ముందు పూర్తయితే అక్కడితో సరి. ఈ గడువు మొదటి కొనుగోలు తేదీ నుంచి మొదలవుతుంది. మీ పేరు మీదికి వచ్చిన రోజుతో దానికి సంబంధం లేదు. అంటే 2022 చివరలో కొన్న కారుకు 2030 చివరి దాకా ఉన్నట్టు. నేనైతే కనీసం నాలుగేళ్ల బ్యాటరీ వారంటీ మిగిలిన కారునే చూడమంటాను.

పదేళ్లు దాటిన క్యామ్రీ చవగ్గా కనిపిస్తుంది, సోఫాలో కూర్చున్నట్టుంటుంది. బ్యాటరీ మార్చిన బిల్లు ఉంటే తప్ప దాని జోలికి వెళ్లవద్దు. ఒకవేళ మనసు లాగితే, కొత్త బ్యాటరీ వేయడానికి ఎంతవుతుందో కంపెనీ సర్వీస్ సెంటరులో కాగితం మీద రాయించుకుని, ఆ మొత్తాన్ని కారు ధరలో కలిపి ఆలోచించండి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మా బంధువుల కోసం ఒక కారు ఖాయం చేసినప్పుడు, "వారంటీ అంతా ఉంది సార్" అన్న మాట విని ఊరుకున్నాను. తీరా చూస్తే రెండు సర్వీసులు బయట చేయించారు, అదనపు స్పీకర్ల కోసం వైరింగు కోసి అతికించారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ మా పేరుకు మారలేదు. అప్పటి నుంచి నోటిమాటను లెక్కలోకి తీసుకోవడం మానేశాను. కారు ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళ్లి సర్వీసు చరిత్ర తీయించండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు ఉందో, ఏయే భాగాలు మార్చారో, వారంటీ ఏ మేరకు బతికి ఉందో దానిలో తెలుస్తుంది. మీటరు వెనక్కి తిప్పిన కార్లు కూడా ఇక్కడే పట్టుబడతాయి.

3. బ్యాటరీ ఊపిరి పీల్చుకునే జాలీ చూడండి

హైబ్రిడ్ బ్యాటరీ పనిచేసేటప్పుడు వేడెక్కుతుంది. దాన్ని చల్లబరచడానికి ఫ్యాను కారు లోపలి గాలినే లాక్కుంటుంది. ఆ గాలి వెళ్లే జాలీ చాలా మోడళ్లలో వెనుక సీటు కిందో పక్కనో ఉంటుంది. మాన్యువల్‌లో చోటు చూసుకుని వెళ్లండి.

కొంపల్లిలో ఒక కారు చూశాం. బయట అద్దంలా మెరుస్తోంది, ఇరవై వేల కిలోమీటర్లే తిరిగింది. వెనుక సీటు దగ్గర వంగి టార్చి వేస్తే జాలీ కనిపించలేదు. దుమ్ము, కుక్క వెంట్రుకలు, బిస్కెట్ పొడి కలిసి కంబళి ముక్కలా దళసరిగా అతుక్కుపోయి ఉన్నాయి. వేలితో లాగితే పొరలా ఊడి వచ్చింది. రెండు ఎండాకాలాలు ఆ బ్యాటరీ ఎంత వేడిని ఓర్చుకుందో ఎవరు చెప్పగలరు? యజమాని మంచివారే. అక్కడ అలాంటిది ఒకటి ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేము ఆ కారు వదిలేశాం.

కాస్త దుమ్ము ఉంటే భయపడనక్కరలేదు, శుభ్రం చేయించుకోవచ్చు. పూర్తిగా మూసుకుపోయి ఉంటే మాత్రం సర్వీస్ సెంటరు బ్యాటరీ రిపోర్టు చూడకుండా ముందుకు వెళ్లవద్దు.

జాగ్రత్త: బానెట్ కింద, కారు అడుగున నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తాయి. వాటిలో ఉండేది ప్రాణం తీసే కరెంటు. ముట్టుకోవద్దు, మీ మెకానిక్‌ను ముట్టుకోనివ్వవద్దు. బ్యాటరీ మూత తీసి చూపిస్తానన్నవారికి వద్దని చెప్పండి. కేబుళ్లను ఎలుకలు కొరికాయా, టేపు చుట్టారా అన్నది దూరం నుంచి టార్చితో చూస్తే చాలు.

4. నీళ్లలో మునిగిన కారా?

మన దగ్గర ఈ పరీక్ష తప్పనిసరి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో సెల్లారు పార్కింగుల్లో కార్లు ఎలా తేలాయో చూశాం. 2023 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో విజయవాడలో అదే జరిగింది. హైబ్రిడ్‌లో బ్యాటరీ కింది భాగంలో ఉంటుంది కాబట్టి మోకాలి లోతు నీళ్లు కూడా దానికి ముప్పే.

సీటు బెల్టును చివరి దాకా లాగండి. బయటి మూర రోజూ కనిపిస్తుంది కనుక తుడుస్తారు. లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడును ఎవరూ కడగరు. తుండుగుడ్డ తడిపి అక్కడ రుద్దితే బురద చాయ దిగుతుంది. తర్వాత సీట్ల కింది బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ల లోపల ఆవిరి చూడండి. తలుపులు మూసి రెండు నిమిషాలు కూర్చోండి. ముక్కిన వాసన ఉంటే తెలుస్తుంది. సెంటు ఘాటుగా కొడితే మరింత అనుమానించండి.

బీమా పాలసీ కూడా ఒక మాట చెబుతుంది. క్లెయిము చేయని యజమానికి నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో తగ్గింపు) ఏటేటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. మూడేళ్లు దాటిన, మొదటి యజమాని చేతిలోనే ఉన్న కారుకు అది సున్నా అయితే, క్లెయిము దేనికని అడగండి.

5. నడిపి చూడండి

ముందు రోజే చెప్పండి, "నేను వచ్చేదాకా స్టార్టు చేయవద్దు" అని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాచడానికి ముందే వేడి చేశారేమోనని అనుకోవాలి.

బటన్ నొక్కితే చప్పుడు లేకుండా "రెడీ" అన్న గుర్తు రావాలి. తొలి నిమిషంలో ఇంజిను తనంతట తాను మొదలైతే కంగారు పడకండి, వేడెక్కడానికి అలా చేస్తుంది. హైబ్రిడ్ వ్యవస్థకు సంబంధించిన హెచ్చరిక దీపం వెలిగితే మాత్రం దిగిపోండి. "చిన్న బ్యాటరీ వీకయింది, అంతే" అంటారు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది, ఎక్కువ రోజులు కదలని కారులో అది చచ్చిపోవడం మామూలే. అయితే అది మార్చి చూపించాకే తిరిగి రండి.

దారి ఎంపిక ముఖ్యం. చాలామంది ఖాళీ రోడ్డు మీద ఒక చక్కర్ కొట్టి సంతోషిస్తారు. రద్దీ వేళ, వీలైతే జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ వైపు, కనీసం నలభై నిమిషాలు నడపండి. ఏసీ నిండుగా వేయండి. పక్కన కూర్చున్నవారు డిస్‌ప్లేలో బ్యాటరీ గీతలను చూస్తుండాలి. ఆరోగ్యమైన బ్యాటరీలో గీతలు నెమ్మదిగా దిగి, నెమ్మదిగా ఎక్కుతాయి. రెండు మూడు నిమిషాల్లో నిండుగా ఉన్నది అడుగంటి, మళ్లీ అంతే వేగంగా నిండితే, సామర్థ్యం తగ్గిపోయిందని అర్థం. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు మాటిమాటికీ ఇంజిను మొదలవుతుంటే, వెనుక ఫ్యాను గట్టిగా హోరెత్తుతుంటే కూడా అదే అనుమానం.

ఆ తర్వాత దిగుడు రోడ్డు కావాలి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి యూసుఫ్‌గూడ వైపు దిగండి. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి బ్రేకును మెల్లగా తాకితే బాణం గుర్తు చక్రాల నుంచి బ్యాటరీ వైపు తిరగాలి, గీతలు పెరగాలి. పెడలు కుదుపు లేకుండా పనిచేయాలి. బ్రేకులు కిరకిరలాడితే డిస్కులు చూడండి. మోటారే సగం బ్రేకు పని చేస్తుంది కాబట్టి హైబ్రిడ్‌లలో ప్యాడ్లు త్వరగా అరగవు, కానీ వాడుక తక్కువై డిస్కులు తుప్పు పడతాయి.

"తక్కువ తిరిగింది" అన్న మాటకు మురిసిపోవద్దు. మూడేళ్లలో ఎనిమిది వేలు తిరిగి సెల్లారులో నిద్రపోయిన హైబ్రిడ్ కంటే, రోజూ ఆఫీసుకు వెళ్లి నలభై వేలు తిరిగి, సమయానికి సర్వీసయిన కారునే నేను ఎంచుకుంటాను.

6. బ్యాటరీ రిపోర్టు తీయించండి

నచ్చిందా? అడ్వాన్సు ఇవ్వకముందే కంపెనీ సర్వీస్ సెంటరులో హైబ్రిడ్ వ్యవస్థను స్కాన్ చేయించండి. బ్యాటరీలోని బ్లాకుల (సెల్‌ల గుంపుల) వోల్టేజీల మధ్య తేడా ఎక్కువ ఉందా, పాత లోపాల కోడ్లు ఉన్నాయా, ఇన్వర్టరు (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే భాగం) కూలెంటు మట్టం సరిగా ఉందా, ఈ మూడూ అడగండి. కోడ్లు చెరిపేసి తెచ్చే తెలివైనవారు ఉంటారు, అందుకే నడిపిన తర్వాత స్కాన్ చేయించడం మేలు. అమ్మేవారు దీనికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపండి. మరో దారి లేదు.

తెలిసినవారి దగ్గర కొన్నా, కంపెనీల సొంత పాత కార్ల షోరూముల్లో కొన్నా, బ్రోకరు దగ్గర కొన్నా ఈ మెట్టు వదలవద్దు. "రెండు వందల పాయింట్లు చెక్ చేశాం" అన్న కాగితంలో హైబ్రిడ్ బ్యాటరీకి ఎన్ని పాయింట్లు ఉన్నాయో వెతకండి.

7. కాగితాలు

ఇది త్వరగా చెప్పేస్తాను. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి. అప్పు ఉన్న కారయితే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 తెప్పించి ఆర్‌సీలో హైపోథికేషన్ (అప్పు నమోదు) తీయించాకే పూర్తి డబ్బు ఇవ్వండి. చట్టం ప్రకారం కొన్నవారు 30 రోజుల్లోగా ఆర్టీఏకు తెలపాలి, బీమాను 14 రోజుల్లోగా తమ పేరుకు మార్చమని అడగాలి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, దాన్ని ధరలో కలిపి అడిగితే ఒప్పుకోవద్దు. పెండింగ్ చలానాలు తెలంగాణ పోలీసు ఈ-చలాన్ సైటులో చూసి, కట్టించండి. కారు చేతికి వచ్చిన తేదీ, సమయం రాసి ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం ఉంచుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి.

వేరే రాష్ట్రం కారు చవకగా దొరికితే ఆగి ఆలోచించండి. ఉత్తరప్రదేశ్‌లో 2024 జూలైలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేశారు, అందుకే అక్కడ అప్పుడు కొన్న కార్ల ధరలు కళ్లకు ఇంపుగా ఉంటాయి. ఇక్కడికి తెచ్చి టీజీ నంబరు వేయించాలంటే ఫారం 28తో అక్కడి ఎన్‌ఓసీ తీసుకుని, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఎంతవుతుందో ఆర్టీఏలో ముందే కనుక్కోండి. చాలాసార్లు ఆ చవక అంతా అక్కడే కరిగిపోతుంది.

8. కొన్నాక మొదటి నెల

బ్యాటరీ గాలి జాలీని, ఫిల్టరును శుభ్రం చేయించండి. దాని ముందు సంచులు, దుప్పట్లు పెట్టవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. ఎండాకాలంలో నీడన నిలపండి. ఆయిలు, టైర్ల పనులు పేటలో మీకు నమ్మకమైన మెకానిక్ దగ్గర చేయించుకోవచ్చు గానీ, వారంటీ ఉన్నంతకాలం సర్వీసు కంపెనీలోనే చేయించండి. సీఎన్‌జీ కిట్టు వేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు.

మైలేజీని డిస్‌ప్లే చూసి నమ్మకండి. ఒకే బంకులో, ఆటో కట్ పడేదాకా ట్యాంకు నింపి ట్రిప్ మీటరు సున్నా చేయండి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో అలాగే నింపి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. హైరైడర్, గ్రాండ్ విటారాలకు కంపెనీ చెప్పే 27.97 మన రద్దీలో ఆశించవద్దు. మూడు ట్యాంకుల సగటు 18 నుంచి 22 మధ్య ఉంటే కారు బాగున్నట్టే. మూడో ట్యాంకుకు కూడా 15 దాటకపోతే ముందు టైర్లలో గాలి, తర్వాత బ్యాటరీ ఫిల్టరు, ఆ తర్వాత కొనేముందు తీయించిన రిపోర్టుతో పోల్చి కొత్త స్కాన్, ఈ వరుసలో చూపించండి.